ఎదురుగాలి

కూతురు కొరీన్ సైకిల్ నడిపించుకుంటూ వచ్చేసరికి, లైల్ అమెరికాలోని వయోమింగ్ హైవే పక్కన కూర్చుని బ్రెడ్డు తింటున్నాడు. ఆమె మోకాలి నుంచి రక్తం పాదం దాకా కారింది.

"ఏమైందే?"

"పడ్డాను నాన్నా. గొంతు చించుకుని పిలిచాను. నువ్వు వెనక్కి చూడలేదు."

"ఎదురుగాలి తల్లీ. వినపడలేదు."

"తమ్ముడు పడినప్పుడూ గాలేనా?"

నిరుడు లైల్‌తో సైకిల్ తొక్కుతుండగానే కొడుకు వెస్‌ని ట్రక్కు గుద్దేసింది. వాడు కలగన్న యాత్రను పూర్తిచేస్తే తానేమిటో తనకు తెలుస్తుందని, లైల్ కూతురితో కలిసి దేశానికి ఈ చివరి సముద్రం నుంచి ఆ చివరి సముద్రం దాకా సైకిల్ మీద బయల్దేరాడు.

"వాడు నా పక్కనే ఉన్నాడు. చెప్పాను కదా."

"ఇన్నాళ్లూ నీ వీపే చూస్తూ వచ్చాను నాన్నా. నువ్వు ఎవరి పక్కనా తొక్కవు."

లైల్ బ్రెడ్డు పక్కన పెట్టాడు.

"పిలిచాడేమో. నేను తిరిగి చూసేసరికి వెనక ఎవరూ లేరు. వెళ్లేసరికి ప్రాణం పోయింది."

"అమ్మకి?"

"నా చెయ్యి పట్టుకునే పోయాడని చెప్పాను."

సీసాలో నీళ్లతో కూతురి మోకాలు కడిగి, అతను సైకిల్‌ను వచ్చిన దారివైపే, ఇంటివైపు తిప్పాడు.

"అమ్మ నిన్ను క్షమించదు నాన్నా."

"తెలుసమ్మా" అన్నాడు లైల్. "అయినా చెప్పాలి."