గిటార్ లేని పాట

మిస్టర్ నామ్ గిటార్ తీసి, వైరు చిన్న ఆంప్లిఫయర్‌లో గుచ్చగానే వసుమతి మొహం ముడుచుకుంది.

"అది లేకుండా పాడలేరా?" అని అడిగింది.

"అది లేకపోతే నా పాట కాదు, మిస్," అన్నాడాయన. గొంతు గరగరలాడుతోంది.

అది లాస్ ఏంజెలెస్‌లో ఒక యూనివర్సిటీ బేస్‌మెంట్. టేపుల గది. వలస వచ్చినవాళ్ల పాటలు రికార్డ్ చేసి దాచడం అక్కడ వసుమతి పని. ఆమె థీసిస్ కొరియా పాట మీద. సంవత్సరం 1984.

నామ్‌కి యాభై దాటాయి. ఒక డ్రైక్లీనింగ్ షాపులో ప్యాంట్ల అంచులు మడిచి కుట్టే పని ఆయనది. కొరియన్ చర్చిలో అంటించిన నోటీసు చూసి వచ్చాడు.

గొంతులో గడ్డ ఉందట. గురువారం ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. సియోల్‌లో ఉన్న కూతురికి పంపడానికి ఒక కాపీ కావాలన్నాడు.

"ఆస్పత్రి నుంచి వచ్చాక తీసుకోండి," అంది వసుమతి.

ఆయన మూడు పాటలు పాడాడు. గొంతు తెగినచోట ఆగి, గుక్కెడు నీళ్లు తాగి, అక్కడినుంచే అందుకున్నాడు.

మాటలు కొరియావి. వాటి కింద నడక మాత్రం అమెరికా నల్లవాళ్లది. కుర్రతనంలో అమెరికా సైనికుల క్లబ్బుల్లో వాయించేవాడట. ఇంగ్లీషు పాటలు అర్థం తెలియకుండానే చెవితో పట్టి పాడేవాడట. తర్వాత ఆ నడక మీదే తన భాష పెట్టుకున్నాడు.

రెండో పాటలో వసుమతి పాదం దానంతటదే తాళం వేసింది.

ఆమె చూసుకుని, పాదాన్ని కుర్చీ కిందికి లాక్కుంది.

పదకొండేళ్లప్పుడు విజయనగరంలో, తంబురా ముందు కూచుని సినిమా పాట కూనిరాగం తీసింది. సంగీతం మాస్టారు వారం రోజులు ఆమెకు పాఠం చెప్పలేదు, ఆమె వంక చూడనూలేదు. ఆ వారం ఆమెకి ఇంకా పూర్తి కాలేదు.

"కొరియాలో దీన్ని అమెరికా పాటన్నారు," అన్నాడు నామ్ గిటార్ సర్దుకుంటూ. "డెబ్భై అయిదులో నా పాటలన్నీ నిషేధించారు. మీరైనా దాచండి."

ఆమె ఆయన పేరూ, వయసూ, పుట్టిన ఊరూ రాసుకుంది. ఇంకేమీ అడగలేదు.

ఆయన వెళ్లాక ఆ టేపు మీద ఎర్ర చుక్క అంటించింది.

పనికిరాని టేపులకి ఎర్ర చుక్క పెట్టడం ఆ గదిలో పద్ధతి. శుక్రవారం శుక్రవారం వాటిని పెద్ద అయస్కాంతం మీద తిప్పుతారు. ఉన్నదంతా చెరిగిపోతుంది. ఖాళీ టేపు మళ్లీ వాడకానికొస్తుంది. ఆ పని రాజ్‌ది. గుంటూరు నుంచొచ్చిన టెక్నీషియన్.

"బాగానే పాడాడు కదండీ?" అన్నాడు రాజ్.

"ఇడ్లీ మీద కెచప్ పోసినట్టుంది."

"నేను రోజూ అదే తింటున్నాను, వసుమతి గారూ."

ఆమె నవ్వలేదు. జవాబుగా గ్రామఫోన్ మీద ఒక పాత రికార్డు పెట్టింది.

కొరియా నుంచి తిరిగొచ్చిన ఎవరో మాజీ అమెరికా సైనికుడి సామాన్లలో దొరికిన రికార్డు అది. లేబుల్ చిరిగిపోయింది. పాడినవాడి పేరు లేదు. వాయిద్యం ఏదీ లేదు. పాతికేళ్ల కుర్రాడి గొంతు ఒక్కటే, చన్నీళ్లలా. పడమటి గాలి సోకని గొంతు అనేవాడు ఆమె థీసిస్ చూసే ప్రొఫెసర్. రెండేళ్లుగా వసుమతి ఆ గాయకుడి కోసం వెతుకుతోంది. ఉత్తరాలు రాసింది, చర్చిలన్నీ తిరిగి నోటీసులు అంటించింది. ఏ టేపు విన్నా ఈ గొంతు పక్కన పెట్టే తూచింది.

"ఇదీ కొరియా పాట," అంది.

"పోనీ, ఆయన కాపీ తీశాక చెరుపుదామా? కాస్త ఆగి..."

"అలా ఆగే మన షెల్ఫులు చెత్తతో నిండాయి, రాజ్."

శుక్రవారం రాజ్ టేపు చెరిపేశాడు.

మూడు వారాల తర్వాత నామ్ వచ్చాడు. మెడకి కట్టు. జేబులో చిన్న నోట్‌బుక్. గదిలో ఆ పాత రికార్డు తిరుగుతోంది. వసుమతి థీసిస్ ఆఖరి అధ్యాయం టైప్ చేసుకుంటోంది.

ఆయన నోట్‌బుక్ తెరిచి చూపించాడు. 'నా టేపు.'

రాజ్ తల దించుకున్నాడు.

వసుమతి అబద్ధం కోసం వెతికింది. దొరకలేదు. "అది ఉంచలేదు, మిస్టర్ నామ్. మా సేకరణకి సరిపోలేదు. చెరిపేశాం," అంది.

ఆయన అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. చెయ్యి మెల్లగా మెడ మీది కట్టు దాకా వెళ్లి అక్కడే ఆగింది. కోప్పడలేదు. కోప్పడటానికి కూడా గొంతు కావాలని వసుమతికి అప్పుడే తోచింది.

రికార్డు తిరుగుతూనే ఉంది. ఆయన చెవి అటు తిరిగింది. ఎడమచేతి వేళ్లు ప్యాంటు కుట్టు మీద కదలసాగాయి, లేని తీగల్ని నొక్కుతున్నట్టు.

ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి వసుమతి చెప్పింది. "మాకు కావలసింది ఇలాంటిది. కల్తీ లేనిది."

ఆయన నోట్‌బుక్‌లో మెల్లగా రాసి, ఆ కాగితం చింపి టైప్‌రైటర్ మీద పెట్టి, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

పాట అయిపోయి ముల్లు ఖాళీగా గీరుకుంటుంటే ఆమె కాగితం చదివింది: 'ఇది పాడిన రోజు నా ఆంప్లిఫయర్ కాలిపోయింది, అందుకే గిటార్ లేదు.'