మణికంఠన్ చెప్పిన అబద్ధం

“సాయంత్రంలోగా నాకు ఒక పేరు కావాలి. లేకపోతే పోలీసు కంప్లైంటులో నీ పేరే రాస్తాను” అన్నాడు మేనేజర్ కోదండరామన్, తమిళంలో.

అకౌంట్స్ చూసే కృత్తిక ఆయన బల్ల ముందు నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్ళు వాచిపోయాయి.

సూలూరు దగ్గరి ఆ నూలు మిల్లులో పొద్దున్నే కంప్యూటర్లు ఆన్ చేస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ఆర్డర్లు, షిఫ్టు హాజరు, లోడు వివరాలు, అన్నీ పోయాయి. తెర మీద డబ్బు కట్టమనే బెదిరింపు ఒక్కటే మిగిలింది. నూలు ఎక్కించుకున్న లారీలు గేటు దాటలేక ఎండలో నిలబడ్డాయి.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన కంప్యూటర్ మనిషి చూసి తేల్చేశాడు. దొంగలు తలుపులు పగలగొట్టుకుని రాలేదు. కృత్తిక పాస్‌వర్డు కొట్టి దర్జాగా లోపలికి వచ్చారు.

“ఎవరికి చెప్పావు?”

“ఎవరికీ చెప్పలేదు సార్. మా అమ్మక్కూడా తెలియదు.”

“ఇంతకీ ఆ పాస్‌వర్డేమిటి? చెప్పు. ఎవడికి తెలిసి ఉంటుందో నేను చూస్తాను.”

కంప్యూటర్ మనిషి అడ్డుపడ్డాడు. “ఇంతమందిలో బయటికి అనకండమ్మా. అదే పాస్‌వర్డు బ్యాంకుకీ ఫోనుకీ కూడా పెట్టుకుని ఉంటారు. ముందు అన్నిచోట్లా మార్చేయండి.” అని తన పని చూసుకోవడానికి సర్వర్ గదిలోకి వెళ్ళిపోయాడు.

గుమ్మం దగ్గర గోడౌన్ సూపర్వైజర్ మణికంఠన్ నిలబడి ఇదంతా వింటున్నాడు.

ఆ ఆఫీసులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు వాళ్ళిద్దరే. కృత్తిక చేరిన కొత్తలో ఒకరోజు వాళ్ళ అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే క్యాంటీన్లో మణికంఠన్ చెవిన పడింది. ఊరడిగాడు, ఇక్కడి కాగితాల్లో ఎక్కడా రాయని ఇంటిపేరడిగాడు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. ఇక వేరే పరిచయం ఏం కావాలి? ఆ పూట నుంచీ అతను అన్న, ఆమె చెల్లి. మనిషి యాభై దాటాడు, సొంత చెల్లెలు లేదు. ఈ పిల్ల మీద ప్రాణం పెట్టుకున్నాడు.

ఇప్పుడు అతని భయం ఆమె ఉద్యోగం గురించి కాదు, పెళ్ళి గురించి. పోయిన ఆదివారం అతనికి కంబం నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో పెద్దాయన. అచ్చం తమ ఇళ్ళలో మాట్లాడే తెలుగే. “అమ్మాయి ఇంటోళ్ళతో మాట్లాడినాము. శుక్రవారం చూసేదానికి వస్తాము. నువ్వు ఆ పిల్లకి దాయాది పంగాళివి, ఆఫీసులో పక్కనే ఉండేవాడివి. పిల్ల ఎట్లాంటిదో మనసు విప్పి చెప్పు. ఆమెకి మాత్రం తెలియనియ్యవద్దు” అన్నాడు. ఎక్కడైనా విచారణ చేసే పద్ధతే కదా. మణికంఠన్ తన సొంత బిడ్డ గురించి కూడా అంత గొప్పగా చెప్పి ఉండడు. ఆ కబురు కడుపులో దాచుకోలేక అప్పటి నుంచీ అవస్థపడుతున్నాడు.

ఇప్పుడు ఆ పిల్ల పేరు పోలీసు స్టేషన్‌కెక్కితే? కంబం వాళ్ళు గడప తొక్కుతారా? వాళ్ళే కాదు, ఇంకెవరైనా తొక్కుతారా?

అతను దగ్గరికి వెళ్ళి మెల్లగా అన్నాడు. “పాపా, ఎవురికన్నా చెప్పింటే నాతో అన్నా చెప్పు మా.”

“సత్తియంగా చెప్పలేదన్నా. నన్ను జైల్లో పెట్టేస్తారా?”

“మీ భాషలో ఏమిటా గుసగుసలు?” కోదండరామన్ బల్ల మీద గట్టిగా చరిచాడు. కంప్లైంటు కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు.

“నేనే సార్” అన్నాడు మణికంఠన్.

“ఏమిటి?”

“హెడ్డాఫీసని చెప్పి ఎవరో ఫోన్ చేశారు. ఈ పాప పాస్‌వర్డు కొడుతుంటే వెనక నిలబడి చూశాను. నమ్మి చెప్పేశాను. తప్పు నాదే.”

కృత్తిక నోరు తెరవబోయింది. “ఊరికే ఉండు మా” అని కసిరాడు.

కోదండరామన్‌కు కావలసింది ఒక పేరు. అది దొరికింది. ఆ చూసిన అక్షరాలేమిటని అడగాలని కూడా ఆయనకు తోచలేదు. మణికంఠన్ మెడలోంచి ఐడీ కార్డు తీయించి బల్ల మీద పెట్టించాడు. పోలీసులు పిలిచినప్పుడు రావాలని చెప్పి బయటికి పంపేశాడు.

బండి స్టాండు దాకా కృత్తిక పరుగెత్తుకొచ్చింది.

“ఎందుకన్నా అబద్ధం చెప్తివి? నువ్వు ఎప్పుడూ నా పక్కకే రాలేదే!”

“నాకేమి మా? ఇంకో గోడౌన్లో మూటలు ఎక్కించుకొని బతుకుతా. నీ పేరు స్టేషన్‌కి పోకూడదు, అంతే.”

“నాకోసం నువ్వు జైలుకి పోతావా?” ఆమె భోరుమంది.

ఇక దాచడం అతనివల్ల కాలేదు. ఆ దుఃఖంలోనూ ముఖం వెలిగింది.

“ఏడవాకు. శుక్రవారం నిన్ను చూసేదానికి కంబం నుంచి మాప్పిళ్ళ ఇంటోళ్ళు వస్తా ఉండారు. నాకు ఫోన్ చేసి విచారించిరి. మా చెల్లి తంగం, బంగారం అని చెప్తిని. ఇంటిపేరు అడిగిరి, చెప్పి, మాదీ అదే అంటిని. ఇంటోళ్ళు వయసు తగ్గించి చెప్తారు కదా, దానికని పుట్టిన ఏడు కూడా అడిగిరి, అదీ చెప్తిని. వేరే ఒక్క మాట అడగలేదు, పాపం మంచోళ్ళు.”

కృత్తిక ఏడుపు ఆగిపోయింది.

“అన్నా...” అంది, “ఏ కాగితంలోనూ రాయము కదా, ఎవురికీ తెలీదు అని నేను పెట్టుకున్న పాస్‌వర్డు మన ఇంటిపేరూ, పక్కన పుట్టిన ఏడే!”