నీలం చెప్పులు

కోడలు రుతుజ దొంగ. అందులో సాయిలుకు ఇక అనుమానం లేదు.

గడప బయట మల్లమ్మ నీలం రబ్బరు చెప్పులు లేవు. నిరుడు ఆసుపత్రి నుంచి భార్య తిరిగి రాలేదు, చెప్పులు వచ్చాయి. అప్పటినుంచి రోజూ పొద్దున్నే వాటిని తుడిచి తన చెప్పుల పక్కన పెట్టుకుంటున్నాడు. ఆ వరసగదుల చాళ్‌లో ఎవరినీ ముట్టనివ్వలేదు.

లోపల రుతుజ నేలమీద కూర్చుని దీపావళి కార్డులు చేస్తోంది. చెక్కముక్కకు అంటించిన రబ్బరు అచ్చును సిరా మెత్త మీద అద్ది, ఊపిరి బిగబట్టి కార్డు మీద ఒత్తింది. ప్రమిద పడింది. అచ్చు రబ్బరు నీలం. ఆమె ఒళ్లో బ్లేడుతో చెక్కిన నీలం తునకలు.

"అత్త చెప్పులు కోసినవా?"

ఆమె చెయ్యి కదిలింది. రెండో ప్రమిద అలుక్కుపోయింది.

"మామా, ముందుగాల నా మాట వినుండ్రి..."

"కోసినవా, లేదా?"

"కోసిన. కానీ అవి..." రుతుజ తలుపు వైపు చూసి ఆగిపోయింది. "చెప్పనని ఒట్టేసిన మామా. జర ఆగుండ్రి."

"ఎవరికేసినవ్ ఒట్టు? చచ్చినామెకా?"

"ఫాక్‌లాండ్ రోడ్డు దుకాణానికి మాపటికి ఇయ్యాలె. ఇచ్చొచ్చినంక..."

"నా పెండ్లాం చెప్పులు అచ్చేసి అమ్ముకుంటవా? నీ మొగడు రాంగనే ఇద్దరు మూట కట్టుండ్రి. నా ఖోలీల ఉండొద్దు."

అచ్చు లాక్కుని గది ముందున్న గ్యాలరీ వరండాలోకి వెళ్లాడు. ముక్కలైనదాన్ని దాచుకునేదేముంది? కిందికి విసిరేశాడు.

"అయ్యో, నా నెత్తి!" కిందనుంచి కేక.

మెట్ల మీద వట్టికాళ్ల చప్పుడు. ఎదురు గదిలో ఉండే తారాబాయి రొప్పుతూ పైకొచ్చింది. ఒక చేతిలో అచ్చు, ఇంకో చెయ్యి కొంగు చాటున. నల్లా దగ్గర గొడవయినప్పటి నుంచి సాయిలుకూ ఆమెకూ మాటల్లేవు.

"ఎవరికి తెలవకుండ పెడదామంటె పెట్టనియ్యవైతివి గదనే!" అని ఆమె రుతుజనే కసిరింది.

కొంగు చాటు నుంచి కడిగిన చెప్పుల జత తీసి, సాయిలు చెప్పుల పక్కన పెట్టింది. నీళ్లు కారుతున్నాయి. అవీ నీలమే. ఎడమ చెప్పు మడమ దగ్గర పూర్తిగా అరిగిపోయి ఉంది. మల్లమ్మ ఎడమ కాలు ఈడుస్తూ నడిచేది.

సాయిలు వంగి ఆ మడమను తడిమాడు. "ఇవి నీ దగ్గరెందుకున్నయి?"

తారాబాయి అప్పటికీ అతని వైపు చూడకుండా రుతుజతోనే అంది.

"చెప్పవే మీ మామకు. ఆ దినం టాక్సీ వచ్చిందని తొందరల మల్లక్క నా గడప కాడియి తొడుక్కొని దిగింది. ఏడాది సంది మీ మామ తుడిచి తుడిచి పెడుతున్నవి నా చెప్పులు. అవి కోసుకొమ్మని నీకు చెప్పింది నేనే."

సాయిలు ఆమె చేతిలోంచి అచ్చు తీసుకుని రుతుజ ముందు పెట్టాడు.

"పని జేసుకో, మూట కట్టుడు లేదు," అన్నాడు. "ఈ ముచ్చట నేను మళ్ల ఎత్తను. మీరు ఎత్తొద్దు."

తలుపేసుకున్నాడు.