రాగ్న ఇంటి కాఫీ

"ఇది నాలుగో ఫిర్యాదు పెద్దమ్మా! మీకు వేరే పనేం లేదా?" చేతిలోని కాగితాన్ని బల్లమీద కొట్టాను.

రాగ్న కెటిల్ పొయ్యి మీద పెట్టింది.

"రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా చల్లే ఉప్పు అది. అది లేకపోతే స్కూలు బస్సు లోయలో ఉంటుంది. గుట్టమీద మా రోడ్ల శాఖ యార్డులో కాక ఇంకెక్కడ పోసుకోమంటారు?"

"పోసుకోవద్దన్నానా? సరిగ్గా కప్పమన్నాను."

"కప్పాం! ఇంత మందం టార్పాలిన్ కప్పాం. షెడ్డు వెయ్యమని మూడేళ్లుగా ఆఫీసులో నెత్తీ నోరూ బాదుకుంటున్నాను, వినేవాడేడీ? అయినా కప్పిన ఉప్పు మీ బావిలోకి నడిచొస్తుందా?"

"అరవకు స్టీనార్. ముందు కాఫీ తాగు."

విసుగ్గా కప్పు అందుకుని ఒక గుక్క తాగాను. మింగుడుపడలేదు.

"చక్కెర అనుకుని ఉప్పు వేసినట్టున్నారు."

"నేనేమీ వెయ్యలేదు నాయనా. కాఫీ పొడి, బావి నీళ్లు. అంతే."

కిటికీలోంచి చూశాను. బయట వాన. బావికి పైన, గుట్టమీద మా ఉప్పుకుప్ప. దాని మీద టార్పాలిన్ ఒక మూల లేచి గాలికి కొట్టుకుంటోంది. ఉప్పు ఎత్తే లోడరు బండి వచ్చినప్పుడల్లా విప్పలేక చస్తున్నామని ఆ మూల కట్టకుండా వదిలేసింది నేనే.

కప్పు కింద పెట్టలేదు. తలెత్తి ఆమెను చూడనూ లేదు.

"పోయిన చలికాలం నుంచీ మీ ఉప్పే తింటున్నాను," అంది రాగ్న. "ఆ విశ్వాసం కొద్దీ ఒక్క ఫిర్యాదులోనూ నీ పేరు రాయలేదు."