పాప ఆపిన నిమిషం

"పాట ఇనపడ్తాంది, డ్రమ్ము ఇనపడ్తాంది. మన పాపది యాడ ఇనపడ్తాంది?" అన్నారు మా ఆయన కేశవయ్య, నా చెవిలో.

కర్నూలు హాల్లో, స్టేజీ మీద మా అమ్మాయి అమూల్య తనకంటే ఎత్తైన, మంద్రంగా మోగే బాస్ వాద్యాన్ని కావలించుకుని తీగలు మీటుతోంది. పదేళ్లుగా బెంగళూరు జాజ్ బృందంలో అదే దాని ఉద్యోగం. ఈయన వినడం ఇదే మొదలు. నచ్చకపోతే పాప అన్నీ కట్టిపెట్టి, సోమవారం నుంచి మా బట్టల షాపులో కూర్చోవాలని ఈయన షరతు.

"దీనికన్నా మన షాపు షట్టరు నయం. బజారంతా ఇనపడ్తాది."

ఆయన మోకాలు మాత్రం పాట మొదలైనప్పటి నుంచీ ఊగుతూనే ఉంది. ఆ సంగతి ఆయనకే తెలీదు. ముందే అనుకున్నట్టు పాపకు చెంగు ఊపాను. అది తీగల మీద నుంచి చెయ్యి తీసేసింది. మిగిలినవాళ్లు వాయిస్తూనే ఉన్నారు.

మోకాలు ఆగింది.

ఈయన తలెత్తి పైకి చూశారు. "ఏమే, కరెంటు పోయిందా?"

"లైట్లు ఎలుగుతానే ఉండాయి. ఆపింది మీ పాప."

మళ్లీ చెంగు ఊపాను. అమూల్య మీటింది. మోకాలు ఎగిరి ముందు కుర్చీని తన్నింది. అందులోని పెద్దమనిషి గుర్రుగా వెనక్కి తిరిగాడు.

"నాదేముందప్పా," అన్నారు ఈయన, మోకాలు ఆపకుండానే. "మా పాప ఆడిస్తాంది."