కాలు తియ్యకండి

"నేను చెప్పేదాకా కాలు తియ్యకండి నాన్నా!"

పాతకాలపు స్పోర్ట్స్ కారు కిందనుంచి కూతురు అరిచింది. తండ్రి పెడల్ తొక్కిపట్టి ఉంటేనే ఆమె నట్టు వదులు చేసినప్పుడు బ్రేకు పైపుల్లోని గాలి బయటికి పోతుంది. కాలు లేచిందా, మళ్లీ లోపలికి దూరుతుంది.

ఈసారీ దూరింది.

"మళ్లీ తీసేశారు!"

"తియ్యలేదంటే వినవేం? నీ పైపులే ఎక్కడో కారుతున్నాయి. రేపు పందెంలో దీన్ని తోలేది నేను. నాకు తెలీదూ?"

పైపులన్నీ కొత్తవి. చుక్క కారడం లేదు. ఆమె ఒళ్లుమండి బయటికొచ్చి, తెరిచిన తలుపులోంచి చూసింది.

తండ్రి కుడి తొడను రెండు చేతులతో పెడల్ మీదికి అదుముతున్నాడు. మోకాలు గడగడా వణుకుతోంది.

ఆమె కోపం చప్పున చల్లారింది.

"ఆ నట్టు నాకు లొంగట్లేదు నాన్నా. మీరు కింద చూడండి, నేను తొక్కుతా."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. స్పానర్ అందుకుని, కాలు ఈడ్చుకుంటూ కారు కిందికి దూరాడు.

"తొక్కు... పట్టుకో... ఇక వదులు."

నాలుగైదు సార్లకి పెడల్ రాయిలా నిలిచింది.

"గట్టిపడింది నాన్నా!"

కింద ఆయన స్పానర్ పక్కన పెట్టిన చప్పుడైంది.

"సీటు ముందుకు జరుపుకో అమ్మాయ్. రేపు నీ కాళ్లకి అందాలిగా."