ఐసీయూ బయట వియ్యపురాళ్ళు

"నువ్వసలు కన్నతల్లివేనా?" అని అడిగేసింది టైలరమ్మ.

ఐసీయూ బయట కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. ఆ మాట అడగాలని అందరికీ ఉంది. టైలరమ్మ నోరు కాస్త ముందు జారింది, అంతే.

ఆ పెద్దావిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగోడకేసి చూస్తూ కూర్చుంది. లోపల మూల మంచం మీద ఉన్నది ఆమె కూతురు. మేడమెట్ల మీంచి పడి తల పగిలిందట. అప్పట్నుంచి కన్ను తెరిచింది లేదు. గొంతులో గొట్టం, పక్కన ఊపిరి ఆడించే మిషను. మెదడు ఇక కోలుకోదని డాక్టర్లు తేల్చేశారు. రెండు వైపులవాళ్ళూ ఒప్పుకుంటే గొట్టం తీసేస్తామన్నారు.

తల్లి ఒప్పుకుంది. అత్తగారు ససేమిరా అంది.

అదే అక్కడెవరికీ మింగుడుపడలేదు. కన్నదేమో పంపేద్దామంటుంది, అత్తేమో కాపాడుకుంటానంటుంది.

అత్తగారు పొద్దస్తమానం అక్కడే ఉండేది. లోపలికి పంపినప్పుడల్లా తడిగుడ్డతో కోడలి కాళ్ళూ చేతులూ తుడిచి వచ్చేది. మిషను కూతపెడితే నర్సుల మీద విరుచుకుపడేది. మీ అబ్బాయేడని ఎవరైనా అడిగితే, "వాడు దాన్నిలా చూసి తట్టుకోలేడమ్మా" అని కళ్ళు తుడుచుకునేది.

వియ్యపురాలు కనబడితే మాత్రం గొంతు మారిపోయేది.

"మళ్ళీ వచ్చారా వదినగారూ? డాక్టర్ని బతిమాలడానికేనా?"

"దాన్నింక హింస పెట్టొద్దు వదినా. వదిలేయండి."

"మీరు చేతులు దులుపుకుంటే దులుపుకోండి. నా కంఠంలో ప్రాణముండగా ఆ పిల్ల ఊపిరి ఆపనివ్వను."

ఆ మాట టైలరమ్మ గుండెల్లో దిగబడిపోయింది. పక్క మంచం మీద ఉన్నది ఆమె మొగుడు మరి. ఊపిరితిత్తులు రెండూ పాడైపోయాయి. జబ్బు ముదరకముందే చెప్పాడాయన, "నన్ను గొట్టాలకి కట్టేసి ఉంచకే. పోనిచ్చెయ్" అని. ఆ మాట నిలబెడదామనే అనుకుంది. ఆయన మాట డాక్టరుకి ముందే చెప్పింది, ఇక తీసేయమనడానికి లేచింది కూడా.

ఆ పిల్ల అత్తగారే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"రోగం వచ్చినవాళ్ళు భయంలో సవాలక్ష అంటారు. అవన్నీ పట్టించుకుంటామా? కోడలి కోసం నేనింత పట్టు పట్టానే, ఇన్నేళ్ళు కాపురం చేసిన దానివి, నీకేం పోయేకాలం?"

టైలరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గంతా ఇవాళ కోపమై ఆ తల్లి మీద పడింది.

"నిన్నే అడుగుతున్నా. నీ పిల్లని పంపేయడానికి అంత తొందరేంటి?"

తల్లి లేచి నిలబడింది. "లోపల నీ మనిషీ ఉన్నాడటగా అమ్మా. ఆయనేం కోరాడో అది చెయ్యి."

"నాకు చెప్పొచ్చావా? పరాయిది పోరాడుతుంటే చూసి సిగ్గు తెచ్చుకో."

ఎవరో వెనకనుంచి "బాగా అడిగావు" అన్నారు. తల్లి ఒక్కసారి అందరి ముఖాలూ చూసింది. సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

టైలరమ్మ అదే ఊపులో డాక్టరు గదిలోకి నడిచింది.

"గొట్టం తీయొద్దు."

"గొట్టాలొద్దని ఆయనే అన్నాడని మీరే చెప్పారు కదమ్మా."

"అన్నాడు. నేను వినను."

"నయమయ్యేది కాదు. ఈ బాధే ఇంకా సాగుతుంది."

"సాగనీ."

డాక్టరు ఆ మాటే కేసు కాగితంలో రాసుకున్నారు. టైలరమ్మ బయటికి వస్తూ ఐసీయూ అద్దంలోంచి లోపలికి చూసింది. గొట్టం పీకేసుకుంటున్నాడని నర్సులు ఆయన చేతులు రెండూ గుడ్డపీలికలతో మంచానికి కట్టేశారు. కట్టిన చోట చర్మం కమిలిపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమెనే చూస్తున్నాయి. టైలరమ్మ చప్పున ముఖం తిప్పుకుంది.

నువ్వు చేసింది మంచి పనే అని ఎవరైనా అంటే బాగుండుననిపించింది. అత్తగారిని వెతుక్కుంటూ వరండా చివరికి వెళ్ళింది.

ఆవిడ కిటికీ దగ్గర ఇటు వీపు పెట్టి ఫోనులో మాట్లాడుతోంది. ఆ గొంతులో అంత మెత్తదనం టైలరమ్మ ఎప్పుడూ వినలేదు.

"కంగారుపడకురా కన్నా, ఆ పిల్ల ఊపిరి ఆగనంతవరకూ నువ్వు దాన్ని మెట్ల మీంచి తోసింది హత్య కింద రాదని లాయరు చెప్పాడుగా."